కంటకసోల – మన ఘంటసాల

మోపిదేవికి కొద్దిమైళ్ళ దూరమున ఘంటసాల అను గ్రామము కలదు. అచ్చటి మ్యూజియంలో చెక్కిన సున్నపురాతి పలకలును, స్తంభముల ముక్కలును భద్రపరచబడి యున్నవి. పొలముల నడుమనున్న ఈ ఊరినుండి సముద్రము కనబడదు. కాని క్రీ.శ. 2వ శతాబ్దమున గ్రీకు భూగోళ రచయిత టాలెమీ మైసోలియా తీరమును వర్ణించుచు 'కొంటకొస్సిల' అను వర్తకపు రేవును పేర్కొనెను. పండితులు దానిని ఘంటసాలగా గుర్తించిరి. ఘంటల శాల యని జనులు చెప్పుకొను అర్థము తరువాత పుట్టినదే యని నా అభిప్రాయము. ప్రాకృత శాసనములలో ఊరిపేరు కంటకసోల.

ఇది కేవలము పేర్ల పోలిక కాదు. ఘంటసాలలో దొరకిన ఒక శాసనమున శివకుడను 'మహానావికుడు' కనబడుచున్నాడు. నేడు వరిచేలు తప్ప మరేమియు లేనిచోట ఒకనాడు ఓడలు నడపువాడు గౌరవనీయుడైన పౌరుడై యుండెను! కృష్ణానది వేల యేండ్లుగా తెచ్చి పోసిన ఒండ్రుమట్టి డెల్టాను ముందునకు నెట్టగా, సముద్రము వెనుకకు జరిగినది. తరువాతి కాలమున రేవు వైభవము మచిలీపట్నమునకు దక్కెను. గోల్కొండ సుల్తానుల నాటికి అచ్చట పారసీక వర్తకులును, ఐరోపా కంపెనీలును చేరిరి.

ఊరికి కీర్తి తెచ్చినది వర్తకమొక్కటే కాదు. ఉపాసిక బోధిసిరి వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమునాటి నాగార్జునకొండ శాసనమున తన దానములను వరుసగా చెప్పుచు, కంటకసోల మహాచైత్యపు తూర్పు ద్వారమున రాతి మండపము కట్టించితినని చెప్పుకొనెను. ఆ స్తూపమును 19వ శతాబ్దపు చివర అలెగ్జాండర్ రీ త్రవ్వి పరిశీలించెను.

నష్టము కూడ తక్కువ కాదు. ఘంటసాల శిల్పములు కొన్ని నేడు పారిస్‌లోని గీమే మ్యూజియంలో నున్నవి. కృష్ణకు ఆవలి ఒడ్డున భట్టిప్రోలు స్తూపపు ఇటుకలును, రాళ్ళును 19వ శతాబ్దమున ప్రభుత్వపు కాలువ పనులకే తరలిపోయినవి. కనుక ఊరిలో మిగిలిన ముక్క చిన్నదైనను దాని విలువ పెద్దది.

విద్యార్థులు ఒక సెలవుదినమున కాగితము, పెన్సిలు తీసికొని అచ్చటికి పోవలెను. బ్రాహ్మీలిపిలో 'క' అక్షరము మన కూడిక గుర్తువలె నుండును. కంటకసోల అను పేరు ఆ గుర్తుతోనే మొదలగును.