కారు పాతబడుతుంటే ప్రీమియం పెరగడమేమిటి?

ప్రశ్న: మాది 1,200 సీసీ పెట్రోలు కారు. కొని అయిదేళ్లయింది. పోయిన వేసవిలో గేటుకు తగిలి బంపర్ పగిలితే క్లెయిమ్ చేశాను, మూడు వేల చిల్లర వచ్చింది. అంతకుముందెన్నడూ క్లెయిమ్ లేదు. ఇప్పుడు రెన్యువల్ నోటీసు చూస్తే గుండె గుభేలుమంది. కారు విలువ తగ్గుతుంటే ప్రీమియం పెరగడమేమిటి?
- రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, ఆ బంపరే కొంప ముంచింది. పాలసీలో రెండు పద్దులుంటాయి: ఎదుటివారి నష్టానికి థర్డ్ పార్టీ, మీ కారు నష్టానికి ఓన్ డ్యామేజ్. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో మీ తరహా కారుకు ఏడాదికి రూ.3,416. ఏ కంపెనీకి వెళ్లినా అంతే, బేరం లేదు. బేరమంతా ఓన్ డ్యామేజ్ దగ్గరే, నో క్లెయిమ్ బోనస్ కూడా దాని మీదే. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, చివరికి 50 శాతం దాకా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా.

ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ.8,000 అనుకుందాం. బంపర్ ఖర్చు మీరే పెట్టుకుని ఉంటే ఈ ఏడు సగం, అంటే 4,000 కట్టేవారు. ఇప్పుడు మొత్తం కట్టాలి. వచ్చే ఏడు 6,400, ఆ పై ఏడు 6,000. మూడేళ్లలో అదనపు భారం రూ.8,400, దాని మీద 18 శాతం జీఎస్టీ. వచ్చిందేమో మూడు వేలు!

ఇకమీదట చిన్న సొట్టలకు సొంత డబ్బే పెట్టుకోండి. అలాగైతే వాలంటరీ డిడక్టబుల్ (క్లెయిమ్‌లో కొంత మొత్తం మీరే భరిస్తామని ఒప్పుకోవడం) తీసుకుని ప్రీమియం ఇంకొంత తగ్గించుకోవచ్చు. వేరే కంపెనీల రేట్లూ అడగండి, కానీ ఐడీవీ, అంటే పాలసీలో కారుకు కట్టిన విలువ, సమానంగా ఉందో లేదో చూసి పోల్చండి. ఐడీవీ కోసేసి ప్రీమియం చవగ్గా చూపించడం ఈ వ్యాపారంలో పాత విద్య. కారు దొంగలపాలైతే చేతికొచ్చేది ఆ ఐడీవీ లెక్కనే. కంపెనీ మారుతున్నాం కదా అని పాత క్లెయిమ్‌ను మాత్రం దాచకండి. వాళ్లు ఆరా తీస్తారు, రేపటి క్లెయిమ్‌కు ఎసరొస్తుంది.

ప్రశ్న: ఇంజిన్ ప్రొటెక్ట్ తీసేస్తే ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు అంటున్నారు. తీసేయమంటారా?
- గృహిణి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: మీ పేటలో ఉండి వద్దమ్మా. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఏం చేసిందో మీకు నేను చెప్పాలా? మామూలు సమగ్ర పాలసీ వరద నష్టాన్ని ఇస్తుంది. కానీ మునిగిన కారును స్టార్ట్ చేయబోతే ఇంజిన్‌లోకి నీరు చేరి పాడైతే, ఆ ఖర్చు సాధారణంగా ఇవ్వరు. ఈ యాడ్-ఆన్ ఉన్నది అందుకే. అది ఉన్నా సరే, నీళ్లలో నిలిచిన కారుకు తాళం తిప్పకండి, టోయింగ్‌కు ఫోన్ చేయండి. ప్రీమియం తగ్గించుకోవాలనుంటే కారు అరుదుగా తీసేవారికి కిలోమీటర్ల లెక్కన ఇచ్చే పాలసీలున్నాయి, వాటి సంగతి ఏజెంటును అడగండి.

ప్రశ్న: పాత కారు అమ్మేశాను. 50 శాతం బోనస్ కొనుక్కున్నవారికి పోయినట్టేనా?
- ప్రైవేటు ఉద్యోగి, వరంగల్

జవాబు: పోలేదు. బోనస్ మీది, కారుది కాదు. పాత కంపెనీ నుంచి ఆ బోనస్ మీదేనని తెలిపే రిటెన్షన్ లెటర్ తీసుకోండి. కొత్త కారు కొన్నప్పుడు మూడేళ్ల లోపు వాడుకోవచ్చు. షోరూమ్‌లో బిల్లు రాసేముందే ఆ లెటర్ చూపించండి.