కంప్యూటర్ తెరిచేముందు ఒక్క వాక్యం

"మా క్లయింటుకి టేస్ట్ లేదు." డిజైనర్‌గా మొదటి ఆరేళ్లలో నేను ఈ మాట అనని వారం లేదు. మీరూ అంటున్నారా? దయచేసి ఆపండి. ఆ మాట నా అహాన్ని కాపాడిందేగానీ నా పనిని బాగుచేయలేదు.

గుంటూరు దగ్గర పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడ సీసా మీదికి లేబుల్ అడిగారు. నల్లటి బ్యాక్‌గ్రౌండు, మూలన సన్నటి బంగారు అక్షరాలు, చుట్టూ బోలెడంత ఖాళీ. రాత్రంతా కూర్చుని చేశాను. ఆవిడ చూసి, "బాగుంది బాబూ, కానీ ఇది తినేదని తెలియట్లేదు" అన్నారు. ఏడుసార్లు మార్చాను, ఏడుసార్లూ కోపంతోనే. చివరికి ఆవిడ వేరేచోట చేయించుకున్నారు. అడ్వాన్సు నేను తిరిగివ్వలేదు. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆర్నెల్ల తర్వాత ఒక కిరాణా కొట్లో, పై అరలో ఆ సీసా కనిపించింది. ఎర్రటి లేబుల్ మీద 'ఆవకాయ' అని లావుగా ఉంది. ఆరడుగుల దూరం నుంచి చదవగలిగాను. నా లేబుల్ అక్కడుంటే ఎవరి కంటా పడేది కాదు. ఏమీ కొనకుండానే బయటికొచ్చేశాను.

అప్పట్నుంచి కంప్యూటర్ కన్నా ముందు నోట్‌బుక్ తెరుస్తున్నాను. క్లయింటు చెప్పిందంతా విని, నాకు అర్థమైనది ఒకే వాక్యంగా చేత్తో రాస్తాను: దీన్ని ఎవరు చూస్తారు, ఎక్కడ, ఎంత దూరం నుంచి, చూశాక ఏం చేయాలి. తర్వాత ఫోన్ చేసి చదివి వినిపిస్తాను. వాట్సాప్‌లో పంపితే బొటనవేలి గుర్తొకటి వచ్చి ఊరుకుంటుంది. వింటే "కాదండీ" అంటారు. ఆ "కాదండీ" కోసమే ఇదంతా.

చేత్తోనే ఎందుకంటారా? టైపు చేసేవాళ్లు విన్నది విన్నట్టు దించేస్తారని, చేత్తో రాసేవాళ్లు సొంత మాటల్లోకి మార్చుకుంటూ బాగా అర్థం చేసుకుంటారని 2014లో అమెరికాలో విద్యార్థుల మీద చేసిన ఒక అధ్యయనం చెప్పింది. ఎర్ర హృదయం బొమ్మతో లోకమంతా తెలిసిన న్యూయార్క్ గుర్తును డిజైనర్ మిల్టన్ గ్లేజర్ కూడా మొదట గీసింది చేత్తోనే: ట్యాక్సీలో, ఒక కవరు మీద, ఎర్ర క్రేయాన్‌తో.

వాక్యం కుదిరితే సగం డిజైన్ తేలిపోతుంది. పెళ్లి కార్డా? తాతగారు చదవాలి, అక్షరం చిన్నదైతే కుదరదు. ఫ్లెక్సీయా? బండి మీద వెళ్తూ చూసేదానికి నాలుగు ఫోన్ నంబర్లెందుకు? తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లిష్‌కి సరిపోయిన వరుసల ఎడం మనకు చాలదు. ఫోటోషాప్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోకుండా, ఒత్తులు విడిపోయిన బ్యానర్‌ను ప్రింటుకు పంపినవాణ్ణి నేను. చదివే మనిషిని తలచుకుని ఉంటే ఒక్కసారైనా చదివి చూసుకునేవాణ్ణి.

మిగతా సలహాలు గబగబా చెప్పేస్తాను. అడ్వాన్సు లేకుండా మొదలుపెట్టొద్దు. ఎన్నిసార్లు మారుస్తారో ముందే రాసివ్వండి. ఫైలు పేరులో తేదీ ఉంచండి. ప్రింటుకు సీఎంవైకేలోనే పంపండి. అర్ధరాత్రి వచ్చిన మార్పులకు పొద్దున జవాబివ్వండి. రోజూ కాస్త నడవండి.

మొదట్లో క్లయింటుకి ఫోన్ చేసి ఆ వాక్యం చదవాలంటే గొంతు పెగలదు. నాకూ పెగల్లేదు. అయినా చేయండి, పదోసారికి అలవాటవుతుంది.

పోయిన నెల ఒక టిఫిన్ సెంటర్ యజమానికి నా వాక్యం వినిపించాను: "ఆఫీసుకి పరుగెత్తేవాళ్లు రోడ్డు అవతల నుంచి చూసి, ఇక్కడ ఇడ్లీ త్వరగా దొరుకుతుందని ఆగాలి." ఆయన కాసేపు మాట్లాడలేదు. "కాదండీ, మా దగ్గరికొచ్చేది పక్క ఆసుపత్రిలో పేషెంట్ల తాలూకు మనుషులు. ఇక్కడ కాసేపు కూర్చోవచ్చని వాళ్లకి తెలియాలి" అన్నారు.

పేజీ తిప్పి మళ్లీ రాశాను.