శ్రావకుని వాక్కు : అంగడిలోను, సభలోను

వ్యాపారికి మూలధనము రెండు విధములు. ఒకటి గల్లాపెట్టెలో ఉండునది. రెండవది నాలుకపై ఉండునది. మొదటిది పోయినచో అప్పు తెచ్చుకొనవచ్చును. రెండవది పోయినచో అప్పు కూడ పుట్టదు.

తెలుగునాడు విడిచి కర్ణాటకమున, తమిళనాట, ఒడిషాలో, మహారాష్ట్రలో, యానాములో స్థిరపడిన మన కుటుంబములలో ఈ రెండవ మూలధనమును గురించి ఇప్పుడు కొంత ఆలోచింపవలసి యున్నది. మన పిల్లలు అంగడిలో ఒక్క మనిషితో చక్కగా మాటాడుదురు. నలుబదిమంది చిల్లర వర్తకులను కూర్చుండబెట్టి, కొత్త సరకును గురించి పది నిమిషములు చెప్పుమన్నచో గొంతు పెగలదు. ఆ కొరత తీర్చుకొనుటకు ఉపన్యాసకళ నేర్పువారి యొద్దకు పోయినచో, అక్కడ కొందరు ఎదుటివాని చేత ‘సరే’ అనిపించుటే మాటకు పరమార్థమని నేర్పుదురు. అణువ్రతములు పాటించు ఇంటివానికి ఆ పాఠము సరిపడదు. అట్లని మూగవలె కూర్చున్న సరకు అమ్ముడుపోదు. కావున వినువారి మనస్సును ఆకట్టుకొని, సరకును అమ్ముకొని, వ్రతమును కూడ కాపాడుకొను మాటతీరు ఎట్టిదో విచారింతము. దీనికి కావలసిన సామగ్రి మన శాస్త్రములలోనే ఉన్నది.

1. భాషాసమితి

ఐదు సమితులలో రెండవది భాషాసమితి. మాట హితముగను, మితముగను, ప్రియముగను ఉండవలెనని దీని సారము. సంపూర్ణముగ దీనిని పాటించువారు మునులు. దశవైకాలిక సూత్రములో ఏడవ అధ్యయనము వాక్యశుద్ధిని గురించినదే. ఒక వస్తువును చూపి ఇది అన్నిటికంటె గొప్పది, దీనికి సాటి లేదు అను తీరు మాటలు ముని పలుకరాదని అందు చెప్పబడినది. అంగళ్లలో మనము రోజుకు నూరుమార్లు పలుకు మాటలు సరిగా ఇవియే కదా!

గృహస్థునకు అంత కట్టుబాటు లేదు. అతడు తన సరకును పొగడుకొనవచ్చును. కాని మూడు తూకపురాళ్లు అతని యొద్ద ఉండవలెను. ఈ మాట కొనువానికి మేలు చేయునా? అది హితము. చెప్పవలసినంతే చెప్పుచున్నానా? అది మితము. వినువాడు చిన్నబోకుండ చెప్పుచున్నానా? అది ప్రియము. చాలమంది అమ్మకందార్లు మూడవదానిని మాత్రమే అభ్యసింతురు. అందుచేతనే వారి మాట తీయగా ఉండియు నిలువదు.

2. మాటకు ముందు సాధన

తత్త్వార్థసూత్రము దిగంబరులకు, శ్వేతాంబరులకు ఉభయులకు మాన్యమైన గ్రంథము. దాని తొమ్మిదవ అధ్యాయములో స్వాధ్యాయమునకు ఐదు అంగములు చెప్పబడినవి: వాచన, పృచ్ఛన, అనుప్రేక్ష, ఆమ్నాయము, ధర్మోపదేశము. అనగా చదువుట, అడిగి తెలిసికొనుట, మనస్సులో మననము చేయుట, శుద్ధముగ పైకి వల్లించుట, ఆ తరువాతనే ఇతరులకు చెప్పుట. స్వాధ్యాయము కర్మనిర్జరకు సాధనమైన అంతరంగ తపస్సు. అంగడికొరకు ఏర్పడినది కాదు. మనము దాని క్రమమును మాత్రమే ఎరువు తెచ్చుకొందము.

ఒక బట్టల వర్తకుడు కొత్త రకము నూలుబట్టను చిల్లర వర్తకులకు పరిచయము చేయవలసి యున్నదనుకొనుడు. మొదట అతడు చదువవలెను: బట్ట పన్నా ఎంత, నూలు ఎట్టిది, మిల్లువారు చీటీపై ఏమి వ్రాసిరి, ధర ఎంత, బాకీ గడువు ఎన్నాళ్లు. రెండవది, అడుగవలెను: నేసినవానిని, రంగు వేసినవానిని, ముఖ్యముగ ఆ బట్టను వాడి ఉతికిన ఇల్లాలిని. కాగితము చెప్పని సంగతి ఆమె చెప్పును. మూడవది, ఆలోచింపవలెను: నా ఎదుట కూర్చుండు పల్లెటూరి వర్తకునకు కావలసినది ఏమి? మిల్లు ఎంత పెద్దదను వర్ణన అతనికి అక్కరలేదు. గుడ్డ ముడుచుకొనునా, డాగు పడిన తాను వెనుకకు తీసికొందురా, పండుగ ముందు మరల సరకు దొరకునా అనునవే అతని ప్రశ్నలు. నాలుగవది, ఇంటిలో పైకి చెప్పి చూచుకొనవలెను. మనస్సులో చక్కగా ఉన్న వాక్యము నోటికి వచ్చునప్పటికి తడబడుట అందరికి అనుభవమే. తడబడిన చోట వాక్యమును చిన్నది చేసికొనవలెను. ఈ నాలుగు మెట్లు ఎక్కిన తరువాతనే ఐదవది, సభలో నిలుచుట. మొదటి నాలుగు విడిచి ఐదవ దానికే దుముకుటవలన సభాభీతి కలుగుచున్నది. సగము భయము తెలియనితనమునుండి పుట్టినదే.

3. సభలో నిలిచినప్పుడు

లేచిన వెంటనే క్షమాపణలతో, వంశచరిత్రతో కాలము గడపరాదు. వినువాని చిక్కు ఏదియో దానితో ఆరంభింపవలెను. “ఎండకాలములో మీ అంగటికి వచ్చువారు పలుచని గుడ్డ అడుగుదురు, పలుచనిది ఇచ్చినచో త్వరగా చిరిగినదని తిరిగి వత్తురు. ఈ చిక్కును గురించియే నేడు మాటాడెదను.” ఇంత చాలును. నలుబది తలలు పైకెత్తి చూచును.

తరువాత వస్తువును చూపవలెను. రంగు నిలుచునని పదిమార్లు చెప్పుటకంటె, ఒక ముక్కను అందరి ఎదుట నీటిలో తడిపి తెల్లని చేతిరుమాలుతో రుద్ది చూపుట మేలు. రంగు కొంచెము అంటినచో దానిని కూడ దాచక చూపవలెను. పది నిమిషములలో మూడు సంగతులకంటె ఎక్కువ చెప్పరాదు. ఒక్కొక్క సంగతి ముగియగానే ఒక్క శ్వాస ఆగవలెను. చూపు ఒక్కనిపైనే నిలుపక వెనుక వరుసవరకు పోవలెను. వెనుకనున్నవానికి వినబడినచో ముందున్నవానికి వినబడినట్లే.

ఇక భాష సంగతి. తీర్థంకరుని సమవసరణములో దేవతలు, మానవులు, పశుపక్ష్యాదులు కూడ ఆయన ఉపదేశమును తమ తమ భాషలలో గ్రహించినట్లు మన సంప్రదాయము చెప్పుచున్నది. తెలుగుజైనులకు దీనికి తగిన చారిత్రక సాక్ష్యము కూడ కలదు. కరీంనగర్ జిల్లా కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై పదవ శతాబ్దమున పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనము సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలోను ఉన్నది. తెలుగు భాగము కందపద్యములలో నున్నది. చదువువాడు ఎవడో ఎరిగి అతని భాషలో చెప్పుట మన పూర్వులు వెయ్యేండ్ల క్రిందటనే ఎరిగిన పద్ధతి. బళ్ళారిలో కన్నడము, బ్రహ్మపురములో ఒడియా, చెన్నైలో తమిళము, షోలాపురములో మరాఠీ చక్కగ రాకున్నను, పలుకరింపును, ధరను, గడువును మాత్రము వినువారి భాషలోనే చెప్పవలెను. అంకెలు పొరపాటుగా వినబడినచో తగవు వచ్చునది అక్కడనే.

4. మాటలోని దొంగకాటా

తత్త్వార్థసూత్రపు ఏడవ అధ్యాయములో సత్యాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. ఒక్కొక్క దానిని అంగటిలో పెట్టి చూచుకొందము.

మిథ్యోపదేశము: తప్పుదారి చూపుట. ఆ పనికి పనికిరాదని తెలిసియు, ‘మీకు ఇదే సరిపోవును’ అనుట.

రహోభ్యాఖ్యానము: ఇతరుల గుట్టు బయటపెట్టుట. ‘ఫలానావారు మొన్ననే మన యొద్ద బాకీకి తీసికొనిరి’ అని పదిమందిలో చెప్పుట.

కూటలేఖక్రియ: దొంగవ్రాత. తప్పు బిల్లు మాత్రమే కాదు, ఎన్నడును సరకు కొననివాడు మెచ్చుకొన్నట్లు కల్పించి ప్రకటించుట కూడ ఇందులోనిదే.

న్యాసాపహారము: ఉంచిన సొమ్మును అపహరించుట. కొనువాడు ఇచ్చిన బయానాలో కొంత మరచి తక్కువ చెప్పినప్పుడు, ‘అవును, అంతే’ అని ఊరకుండుట.

సాకారమంత్రభేదము: ముఖకవళికలనుబట్టి ఇతరుల ఆలోచన పసికట్టి వెల్లడించుట. ఇద్దరు వర్తకుల మంతనమును కనిపెట్టి మూడవవానికి అందించుట.

అస్తేయవ్రతపు అతిచారములలో హీనాధికమానోన్మానము, ప్రతిరూపకవ్యవహారము అనునవి కూడ ఉన్నవి. తప్పు తూకము, తప్పు కొలత మొదటిది. అసలు పేర నకిలీని అమ్ముట రెండవది. ఈ రెండును చేతితో మాత్రమే జరుగునవి కావు. కాటా సరిగా ఉంచి, మాటలో తూకము పెంచువాడు కూడ ఈ దోషమునకు దూరము కాడు.

నేటి చట్టము కూడ ఈ దారికే వచ్చినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. తప్పుదోవ పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయలవరకు, మరల చేసినచో 50 లక్షలవరకు జరిమానా విధించు అధికారము ఆ చట్టము క్రింద కలదు.

5. ‘స్యాత్’ అను చిన్నమాట

స్యాద్వాదము జైనదర్శనపు కిరీటము. కాని ‘స్యాత్’ అనగా ‘ఏమో, కావచ్చును’ అని తప్పించుకొనుట కాదు. ‘ఈ దృష్టితో చూచినప్పుడు ఇది నిజము’ అని హద్దు గీసి చెప్పుట. వ్యాపారికి ఇంతకంటె ఉపయోగపడు పాఠము లేదు.

‘రంగు పోవునా?’ అని ఒకరు అడిగిరి. ‘పోనే పోదు’ అనుట అబద్ధము కావచ్చును. ‘చెప్పలేము’ అనుట పిరికితనము. ‘చన్నీట ఉతికి నీడలో ఆరవేసినచో నిలుచును, సోడా వేసి ఉడికించినచో పోవును’ అనుట స్యాద్వాదము. అట్లే బంగారము. 916 ముద్ర 22 క్యారెట్ల స్వచ్ఛతకు గుర్తు. 2023 ఏప్రిల్ 1 నుండి హాల్‌మార్కు నగలపై ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయినది. దానిని కొనువారు బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను సాధనములో తామే సరిచూచుకొనవచ్చును. అయినను ఆ ముద్ర స్వచ్ఛతను గురించి చెప్పునే గాని, మజూరీ, తరుగు తిరిగి వచ్చునని చెప్పదు. ‘స్వచ్ఛత విషయములో సందేహము లేదు, మరల అమ్మునాడు మజూరీ రాదు’ అని అమ్మకమునకు ముందే చెప్పిన వర్తకుని యొద్దకు ఆ ఇంటివారు తరువాతి పెండ్లికి మరల వచ్చుటకు కారణము ఉండును.

6. మౌనము

సమితులతోపాటు మూడు గుప్తులు చెప్పబడినవి. వానిలో వచనగుప్తి ఒకటి. ధర చెప్పిన తరువాత ఆగుట అంగటిలో దానికి చిన్న రూపము. ధర చెప్పి, వెంటనే తానే కంగారుపడి తగ్గించువాడు మొదటి ధర నిజము కాదని తానే ఒప్పుకొన్నట్లు. కొనువానికి ఆలోచించుకొనుటకు వ్యవధి ఇవ్వవలెను. సభలో ప్రశ్న వచ్చినప్పుడు పూర్తిగా విని బదులు చెప్పవలెను. తెలియనిచో ‘కనుగొని రేపు చెప్పెదను’ అని, రేపే చెప్పవలెను.

చివరకు అడుగుటకు మొగమాటపడరాదు. ‘మీకు ఎన్ని తానులు పంపవలెను?’ అని సూటిగా అడుగుటలో దోషము లేదు. వద్దన్నవానిని కూడ అదే ముఖముతో సాగనంపుటలోనే శ్రావకుని వినయము తెలియును.

7. నష్టమునకు సిద్ధపడుట

నిజము చెప్పినచో ఎల్లప్పుడు లాభమే వచ్చునని చెప్పుట కూడ ఒక అతిశయోక్తియే. ఒక్కొక్కప్పుడు బేరము పోవును. ప్రక్క అంగడివాడు అబద్ధమాడి అదే సరకును అమ్ముకొనును. అప్పుడు కలుగు బాధ చిన్నది కాదు. అంగడి అద్దె, గుమాస్తాల జీతములు ఎదుట నిలుచును. సత్యమును వ్యాపారపు ఉపాయముగ పట్టుకొన్నవాడు ఆ రోజు దానిని విడిచిపెట్టును. వ్రతముగ పట్టుకొన్నవాడు మాత్రమే నిలుచును. కనుకనే లాభమునకు మాత్రమే సత్యము పాటింపుమని పిల్లలకు నేర్పరాదు.

ఆ పిల్లలు మన మాటను గల్లా ప్రక్కన కూర్చుండియే నేర్చుకొనుచున్నారు. కొనువాడు ఎదుట ఉన్నప్పుడు మనము చెప్పినదానిని వారు విందురు. అతడు మెట్లు దిగిన తరువాత మనము నవ్వి చెప్పినదానిని ఇంకను శ్రద్ధగా విందురు. ఆ రెండు మాటలు ఒక్కటిగా ఉన్న ఇంటిలో సత్యవ్రతమునకు వేరే బడి అక్కరలేదు.

ఇక సభాధైర్యమునకు మన సమాజములోనే చోటు కలదు. పర్యూషణ, దశలక్షణ పర్వదినములలో సాయంకాలపు సభలందు పెద్దల ఉపన్యాసములకు ముందు ఇద్దరు యువకులకు, ఇద్దరు యువతులకు ఐదేసి నిమిషములు ఇయ్యవలెను. ఒక్క విషయము, తమ మాటలలో, కాగితము చూడక చెప్పవలెను. సభలోనివారు ఒక్క ప్రశ్న అడుగవలెను. ఏడాదికి ఒక్కమారైనను ఇట్లు నిలిచినవారికి వర్తకుల సభ భయపెట్టదు.

పర్వము ముగిసిన తరువాత బంధుమిత్రులను క్షమాపణ కోరుట మన ఆచారము. ఆ పట్టికలో మన మాట నమ్మి నష్టపోయిన కొనుగోలుదారు పేరు ఒక్కటి ఉన్నదేమో చిట్టా విప్పి చూచుకొందము. ఉన్నచో క్షమాపణతోపాటు అతనికి రావలసిన సొమ్మును కూడ అతని ఇంటికి పంపుదము.

జయ జినేంద్ర.