ముందు మన నేల, తర్వాత థాయ్‌లాండ్

ప్రశ్న: మా జేజినాయన నాటువైద్యం చేసేవాడు. ఆయన పోయాక ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నేను డిగ్రీ పూర్తిచేశాను. థాయ్‌లాండ్‌లో కొన్ని నెలలుండి అక్కడి మర్దన, మూలికావైద్యం రెండూ నేర్చుకొచ్చి, మా ఊళ్లోనే చికిత్సా కేంద్రం పెట్టాలని ఉంది. ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. అప్పు చేసైనా వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, బెళుగుప్ప

జవాబు: వెళ్లొద్దని చెప్పను. అప్పు మాత్రం చేయకండి, వరస కూడా మార్చుకోండి. ముందు ఇక్కడ నేర్చుకుని, ఆ తర్వాత అక్కడికి వెళ్లండి. థాయ్ మర్దన దూరం వెళ్లి నేర్చుకోదగ్గ విద్యే. బ్యాంకాక్‌లోని వాట్ పో ఆలయంలో మూడో రామా రాజు 1830ల్లో వైద్య విషయాలను రాతిపలకల మీద చెక్కించి అందరి కళ్లెదుటా పెట్టించాడు. ఆ ఆలయంలోనే 1955లో సంప్రదాయ వైద్యం నేర్పే బడి మొదలైంది. 2019లో యునెస్కో థాయ్ మర్దనను అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడివాళ్లు ఆదిగురువుగా కొలిచేది మగధలో బుద్ధుడికి వైద్యం చేసిన జీవకుణ్ణి. నేల మీద పరుపు వేసి, బట్టలు ఉండగానే, నూనె రాయకుండా బొటనవేళ్లతో, అరచేతులతో, మోచేతులతో నొక్కుతారు, కాళ్లూ నడుమూ సాగదీస్తారు. కండబలంతో కాదు, తమ ఒంటి బరువును మెల్లగా ఆనించి నొక్కుతారు. ఎక్కడ ఎంత బరువు మోపాలో పుస్తకం చదివితే రాదు, గురువు పక్కనుండి చెయ్యి సరిదిద్దాల్సిందే.

అయితే ఆ చెయ్యి రేపు మీరు పెట్టబోయేది బెళుగుప్ప మనుషుల ఒంటి మీద. అనంతపురం జిల్లాలో ఎన్నో పల్లెలు ఏళ్ల తరబడి ఫ్లోరైడు కలిసిన బోరునీళ్లు తాగాయి. 1990ల్లో సత్యసాయి మంచినీటి పథకం వచ్చేదాకా చాలాచోట్ల వేరే దిక్కు లేదు. ఫ్లోరోసిస్ ముదిరితే కీళ్లను పట్టి ఉంచే బంధనాలు గట్టిపడతాయి, వెన్ను వంగదు, ఒక్కోసారి వెన్నుపాము మీదే ఒత్తిడి పడుతుంది. అలాంటి పెద్దాయన నడుము పట్టేసిందని మీ దగ్గరికొస్తే, బ్యాంకాక్‌లో నేర్చిన పద్ధతిలో మెడా నడుమూ సాగదీయడం ప్రమాదం. మామూలు కండరాల నొప్పి ఏదో, డాక్టరు దగ్గరికి పంపాల్సిన నొప్పి ఏదో తేల్చుకోవడం ఇక్కడి రోగుల మధ్య, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నేర్వాల్సిన పాఠం.

మూలికల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. థాయ్ మర్దనలో కాపడం పెట్టే మూటలో ప్లాయ్ అనే అల్లం జాతి దుంప, పసుపు, నిమ్మగడ్డి ఉంటాయి. అవి బాగా వానలు పడే నేలల పంటలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా కష్టమైన మీ మెట్టలో దొరికేవి తంగేడు, నల్లేరు, తిప్పతీగ, పల్లేరు, వర్షాధారంగా పండే అశ్వగంధ. మొక్కను చూసి గుర్తుపట్టలేనివాళ్ల చేతిలో మందు ఎంత చేటు చేస్తుందో 1990ల తొలి ఏళ్లలో బెల్జియం చూసింది. బరువు తగ్గడానికి ఇచ్చిన చైనా మూలికల మందులో ఒక మూలికకు బదులు, పేరు దగ్గరగా ఉన్న అరిస్టొలోకియా జాతి మొక్క కలిసింది. వందమందికి పైగా మహిళల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆ జాతి మొక్కే మన గాడిదగడప. నల్లరేగడి చేలల్లో నేలబారుగా పాకుతూ, గుండ్రటి బూడిదపచ్చ ఆకులతో, ముదురు ఊదారంగు బూరలాంటి పువ్వుతో కనిపిస్తుంది. కడుపులో పురుగులకని దాన్ని వాడిన నాటువైద్యమూ ఉంది. ఈ జాతి మొక్కలు క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. తాతల నాటిదైనంత మాత్రాన మందు క్షేమమని అనుకోకూడదు.

మా జేజినాయనకు ఏ సర్టిఫికెట్ ఉందని మీరు అడగొచ్చు. ఆయనకు ఏళ్ల అనుభవం ఉండేది, తప్పు జరిగితే నిలదీసే ఊరుండేది. నిజమే. కానీ చట్టం మారింది. గుర్తింపు పొందిన అర్హత లేకుండా సంప్రదాయ వైద్యులు ప్రాక్టీసు చేయకూడదని సుప్రీంకోర్టు 2018లో కేరళ పారంపర్య వైద్యుల కేసులో తీర్పునిచ్చింది. ఆయుర్వేద వైద్యురాలినని బోర్డు పెట్టాలంటే నీట్ రాసి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల బీఏఎంఎస్ చదవాలి. విదేశీ స్వల్పకాలిక సర్టిఫికెట్ దానికి సాటిరాదు. పోనీ అక్కడే పనిచేసి అప్పు తీర్చుకుందామా అంటే, థాయ్ మర్దన వృత్తిని ఆ దేశం తన పౌరులకే ప్రత్యేకించింది. గల్ఫ్ స్పాల్లో ఉద్యోగమని ఎవరైనా ఆశ చూపితే, ఆ ఏజెంటు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదైనవాడో కాదో చూడకుండా రూపాయి కూడా ఇవ్వకండి.

కాబట్టి ఈ ఏడాది మీ జేజినాయన దగ్గర మందు తీసుకున్న పెద్దలను కలవండి. ఏ జబ్బుకు ఏ ఆకు, ఏ వేరు, ఎంత మోతాదు ఇచ్చాడో రాసుకోండి. ఆ మొక్కలను పువ్వూ కాయతో సహా ఎండబెట్టి, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగంలో శాస్త్రీయ నామాలు అడిగి తెలుసుకోండి. వైద్యం చేయడానికి కాదు, ఆ జ్ఞానం మీ ఇంటితో అంతరించకుండా ఉండటానికి. మర్దన మీద మనసుంటే కేరళలోని చెరుతురుత్తి జాతీయ పంచకర్మ పరిశోధన సంస్థలో ఏడాది టెక్నీషియన్ కోర్సు ఉంది. అది చదివి, పనిలో కుదురుకుని, సొంత సంపాదనతో వాట్ పో వెళ్లండి. అప్పుడు మీ గురువును ఏం అడగాలో మీకు తెలిసి ఉంటుంది. ఇంట్లోవాళ్లకూ ఈ వరసే చెప్పి చూడండి. అప్పు లేని ప్రయాణానికి వాళ్లూ అడ్డు చెప్పరు.