శునకముల రక్తదానము

రక్తదానమనగానే మనిషి మనిషికి చేయు దానమే మనకు స్ఫురించును. కాని రక్తమార్పిడి చరిత్రలో తొలి పుటలు తిరగవేసినచో అచట దాతయు, గ్రహీతయు కుక్కలే. 1660వ దశకమున ఆక్స్‌ఫర్డులో రిచర్డ్ లోయర్ అను వైద్యుడు ఒక మధ్యరకపు కుక్క మెడ సిరనుండి, అది ప్రాణము కడబట్టువరకు రక్తము తీసి, పిదప పెద్ద మాస్టిఫ్ జాతి కుక్క ధమనినుండి గొట్టము ద్వారా దానికి రక్తమెక్కించెను. గ్రహీత కుక్క బల్లమీదనుండి దుమికి యజమానిని చేరెను. ఇచ్చిన కుక్కలు మాత్రము బ్రతుకలేదు. ఈ ప్రయోగ విధానము 1666లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటితమయ్యెను. రక్తమిచ్చిన కుక్క క్షేమముగా ఇల్లు చేరుటయే నేటి స్వచ్ఛంద సేవకును, నాటి ప్రయోగమునకును గల ముఖ్య భేదమని మేము తలచుచున్నాము.

కుక్కకు రక్తమెప్పుడు కావలసివచ్చును? వాహనము క్రింద పడినపుడు, పెద్ద శస్త్రచికిత్స జరిగినపుడు అని ఎవరైనను చెప్పగలరు. మన దేశమున ఇంకొక కారణము గలదు. పిడుదుల వలన సంక్రమించు బెబీసియా అను సూక్ష్మజీవి ఎఱ్ఱకణములలో చేరి వానిని నాశనము చేయును. చిగుళ్ళు తెల్లబారి కుక్క కూలబడును. ఎలుకల మందు తినిన కుక్క స్థితి వేరు. ఆ విషము కె విటమిన్ పనిని అడ్డగించుటచే రక్తము గడ్డకట్టదు. అట్టి దానికి ప్లాస్మా అవసరమగును.

మనుష్యులకు వలెనే కుక్కలకును రక్తవర్గములు గలవు. వానిలో చికిత్సకు మిక్కిలి ముఖ్యమైనది డి.ఇ.ఎ. 1 అనునది, అది కొన్ని కుక్కలలో ఉండును, కొన్నిటిలో ఉండదు. ఈ వర్గమునకు ప్రతికూలమైన పదార్థములు కుక్క రక్తమున పుట్టుకతో ఉండవు గనుక, మొదటిసారి సరిపడని రక్తమెక్కించినను తీవ్ర ప్రమాదము అరుదు. రెండవసారియే భయము. అప్పటికి శరీరము ఆ పదార్థములను తయారుచేసికొని, క్రొత్త కణములను చిట్లగొట్టును. అందుచే ముందుగా వర్గపరీక్ష చేయుట మేలు.

బ్రిటనులో 2005 నాటి నిబంధనలు రాకమునుపు, జంతురక్తమును ముందుగా సేకరించి బ్యాంకులలో నిల్వచేయుటకు మార్గము లేకుండెను. పిదప 2007లో పెట్ బ్లడ్ బ్యాంక్ అను ధర్మసంస్థ ఏర్పడెను. దాత కుక్క ఒకటి మొదలు ఎనిమిది సంవత్సరముల వయస్సు గలదై, 25 కిలోలకు మించి తూగవలెను. ఆరోగ్యముగను, సాధు స్వభావముతోను ఉండవలెను. వైద్యుడు పరీక్షించి, మెడపై కొంత వెండ్రుకలు తీసి, అచటి సిరనుండి సుమారు 450 మిల్లీలీటర్లు సేకరించును. అది పది నిమిషముల లోపు పని. పిదప ఒక గిన్నెడు తిండియు, నీరును, ఆటబొమ్మయు దొరకును. ఎఱ్ఱకణములు శీతలములో 42 దినములును, ఘనీభవింపజేసిన ప్లాస్మా సంవత్సరముల తరబడియు నిలువయుండును.

ఆ 25 కిలోల నియమమేల? కుక్క శరీరమున కిలోకు 80 మొదలు 90 మిల్లీలీటర్ల రక్తముండును. అనగా 25 కిలోల కుక్కకు రెండు లీటర్లకు పైచిలుకు. 450 అందులో అయిదవ వంతు. పది కిలోల కుక్కనుండి అంతే తీసినచో సగము పోయినట్లే! లోయరు కుక్కల గతి ఏమైనదో పైన చూచితిమి.

ఇక కుక్క సమ్మతి మాట. యజమాని సంతకము కుక్క సమ్మతి కానేరదు. అది బెదరి గింజుకొనినచో సేకరణ మానివేయు నియమమే ఈ సేవకు ప్రాణమని మా దృఢాభిప్రాయము. కాలిఫోర్నియాలో చాలకాలము రక్తవ్యాపార సంస్థలు కుక్కలను నిర్బంధములో పెంచి రక్తము సేకరించెడివి. ఇండ్లలోని పెంపుడు దాతల రక్తమునకు దారి తెరచుచు 2021లో అచట చట్టము చేయబడినది. ధర యెంత తగ్గినను బోనులోని దాతకు మేము మద్దతునీయజాలము.

మనుష్యులకే రక్తము కరువైనచోట కుక్కలకేలయని కొందరు అడుగుదురు. కుక్క రక్తము మనిషికి పనికిరాదు, మనిషి రక్తము కుక్కకు పనికిరాదు. కనుక ఒకరి పాలు ఇంకొకరు పంచుకొనుట లేదు. ఖర్చు మాట నిజమే. అయితే చిన్న ఊరిలో ఖర్చు లేని పని యొకటి గలదు.

మద్రాసు పశువైద్య కళాశాల యందు కుక్కల రక్తపు బ్యాంకు గలదు. బ్యాంకు లేనిచోట వైద్యుడు ఆ గడియలోనే దాతకై వెదకవలసియుండును. విద్యార్థులు తమ వీధులలోని పెద్ద కుక్కల యజమానులను కలిసి, సమ్మతించినవారి పేరు, కుక్క బరువు, వయస్సు, టీకాల తేదీ, వైద్యుడు పరీక్షించినచో రక్తవర్గము వ్రాసి పశువైద్యశాలకు అందజేయవచ్చును. ఆ పట్టికను ఏటేట సరిచూడవలెను. లేనిచో అవసరము వచ్చునాటికి అందలి కుక్కలు కొన్ని వయస్సు మీరియుండును.