లాగలేని ట్రాక్టరు: ఇంజను లోపమును కనుగొను క్రమము

పెద్దదోర్నాల నల్లమల అడవుల అంచున ఉన్నది. మార్కాపురము, ఆత్మకూరు, శ్రీశైలము దారులు అచట కలియును. ఈ పడమటి ప్రాంతమున పలుచోట్ల భూగర్భజలము ఫ్లోరైడుతో కూడియుండును. వేసవిలో బోర్లు కూడ ఎండిపోవును. అందుచే అనేక పల్లెలకు, గూడెములకు త్రాగునీటిని ట్యాంకర్లతో చేర్చవలసివచ్చుచున్నది. ట్యాంకరును లాగు ట్రాక్టరు ఒక్క దినము నిలిచిపోయినచో ఆ దినము ఇంటింట బిందెలు ఖాళీగా నుండును. కనుక ఇంజను సంగతి డ్రైవరుకు, మెకానిక్కుకు మాత్రమే సంబంధించినదని పంచాయతీ సభ్యులు ఊరకుండరాదు.

లీటరు నీటి బరువు ఒక కిలో. 5000 లీటర్ల ట్యాంకరులో నీటి బరువే 5 టన్నులు. ఇనుప తొట్టి బరువు దీనికి అదనము. సమతలముపై ఎట్లో నడచు పాత ఇంజను ఈ బరువుతో ఎత్తు దారి ఎక్కునపుడు తన బలహీనతను బయటపెట్టును. శబ్దము తడబడును, ఇంజను కుదుపునిచ్చును, పొగ చిమ్మును, బండి ముందుకు సాగదు. దీనినే మెకానిక్కులు “మిస్సింగు” అందురు. “ఇంజను దించవలె” నను మాట అప్పుడు వెంటనే వినవచ్చును. పంచాయతీ తీర్మానము చేయును, సొమ్ము వెచ్చించును. ఒక్కొక్కప్పుడు ఇంత జరిగిన పిదప కూడ లోపము లోపముగనే నిలుచును. కారణము స్పష్టము: లోపమెచట నున్నదో కనుగొనకయే విడిభాగములను మార్చిరి. కనుగొను క్రమమును ఇచట వివరింపదలచితిమి.

ఇంజను పనిచేయు తీరు

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని గట్టిగా నొక్కగా ఆ గాలి మిక్కిలి వేడెక్కును. సరిగా ఆ క్షణమున ఇంజెక్టరు డీజిలును సన్నని తుంపరగా చిమ్మును, అది మండును. అనగా ప్రతి సిలిండరుకును మూడు వస్తువులు కావలెను: చాలినంత గాలి, వేళకు తగిన డీజిలు తుంపర, గట్టి నొక్కుడు. వీనిలో ఏ ఒక్కటి లోపించినను ఆ సిలిండరు మండదు. కాడికి కట్టిన ఎద్దులలో ఒకటి పండుకొనినచో రెండవది బండిని, దానిని కూడ ఈడ్వవలసియుండును గదా! మూడు సిలిండర్ల ట్రాక్టరులో ఒకటి చచ్చుబడినచో శక్తి మూడవ వంతుకు మించి తగ్గుటకు కారణమిదియే.

మొదటి ప్రశ్న: లోపము ఇంజనుదా, బండిదా?

ముందుగా ట్యాంకరును విప్పి ట్రాక్టరును ఒంటరిగా నడిపి చూడవలెను. శబ్దము సమముగా నుండి, వేగము చక్కగా అందుకొనినచో ట్యాంకరు చక్రములను పరీక్షింపవలెను. కొంతదూరము లాగిన పిదప ఒక చక్రపు హబ్బు తక్కినవానికంటె కాలుచున్నచో బ్రేకు పట్టియుండుట గాని, బేరింగు చెడుట గాని జరిగియుండును. టైర్లలో గాలి తగ్గినను బరువు హెచ్చినట్లే అగును. ఇక ఇంజను వేగము పెరిగియు బండి కదలనిచో అది క్లచ్చి జారుట. ఈ లోపములలో దేనికిని ఇంజను దించ పనిలేదు.

రెండవ ప్రశ్న: గాలియు, డీజిలును సరిగా అందుచున్నవా?

బలము అన్ని సిలిండర్లలోను సమముగా తగ్గినచో శబ్దము తడబడదు, ఇంజను నీరసముగా మాత్రము నడచును. అప్పుడు అన్నిటికి ఉమ్మడియైన గాలి, డీజిలు మార్గములను మొదట చూడవలెను. పలకలకు పేరుపడిన మార్కాపురపు సీమలో రాతిపొడికి, మట్టిదుమ్ముకు కొదువలేదు. పాత ట్రాక్టర్లలో పెక్కింటికి నూనెగిన్నెతో కూడిన ఎయిర్ క్లీనరుండును. ఆ నూనె బురదయైనచో గాలి ఆడదు, ఇంజను నల్లని పొగ విడుచును. గిన్నెను కడిగి, గుర్తు వరకు క్రొత్త నూనె పోయుట డ్రైవరు చేయదగిన పనియే.

డీజిలు మార్గమున మూడు సంగతులు చూడవలెను. ఇంజను కొంతసేపు చక్కగా నడచి పిమ్మట నీరసించి, ట్యాంకు మూత తెరచినంతనే కోలుకొన్నచో మూతకుండు గాలిరంధ్రము పూడినదని తెలియును. ఖాళీగా నున్నపుడు బాగుగ నడచి, బరువు పడినపుడు మాత్రమే ఆగిపోవుచున్నచో డీజిలు ఫిల్టరు పూడియుండవచ్చును. ఫిల్టరు మార్చిన పిదప మార్గములో గాలి చిక్కినను ఇంజను తడబడును. అప్పుడు గాలి విడుచు స్క్రూను వదులుచేసి, బుడగలు లేని డీజిలు వచ్చువరకు చేతిపంపు నొక్కి, స్క్రూను బిగింపవలెను. సగము ఖాళీయైన ట్యాంకులో రాత్రి చల్లదనమునకు తేమ పట్టి నీరు చేరును. కాబట్టి సాయంకాలమే ట్యాంకు నింపి నిలుపుట మంచి అలవాటు.

మూడవ ప్రశ్న: ఏ సిలిండరు పనిచేయుట లేదు?

శబ్దము లయ తప్పి ఒకే తీరున తడబడుచున్నచో ఒక సిలిండరు మండుట లేదని ఊహింపవచ్చును. దానిని గుర్తించుటకు మెకానిక్కు ఇంజనును మెల్లగా నడపుచు, ఒక్కొక్క ఇంజెక్టరుకు వచ్చు ఇనుప గొట్టపు నట్టును పానాతో కొద్దిగా వదులుచేసి, శబ్దము విని, తిరిగి బిగించును. నట్టు వదులుచేయగా ఇంజను మరింత తడబడినచో ఆ సిలిండరు అంతవరకు పనిచేయుచున్నదన్నమాట. ఏ మార్పును లేనిచో చచ్చుబడినది అదియే.

ఇచట మెలకువ మిక్కిలి అవసరము. ఇంజెక్టరు నుండి వెడలు డీజిలు చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. పైకి సూదిపోటువలె కనిపించినను అట్టి గాయమైనచో ఆలసింపక ఆసుపత్రికి చేర్చవలెను. కళ్ళద్దములు లేక, గుడ్డ కప్పక ఈ పని చేయరాదు. ఈ పరీక్ష పాత పద్ధతి పంపుగల ఇంజన్లకే చెల్లును. కామన్ రైలు అనబడు నేటి ఇంజన్లలో పీడనము పెక్కురెట్లు హెచ్చు, వానిపై దీనిని ఎన్నడును చేయరాదు.

నాలుగవ ప్రశ్న: అది ఎందువలన చచ్చుబడినది?

ఇంజను ఆపి, ఆ సిలిండరు ఇంజెక్టరును చక్కగా పనిచేయు మరియొక సిలిండరు ఇంజెక్టరుతో మార్చి, క్రొత్త రాగి వాషర్లు వేసి బిగింపవలెను. మరల నట్టు పరీక్ష చేయవలెను. లోపము ఇంజెక్టరుతోపాటు తరలినచో ఇంజెక్టరే దోషి. దానిని బాగుచేయించిన చాలును. లోపము అదే సిలిండరులో నిలిచినచో పంపునుండి దానికి డీజిలు వచ్చుచున్నదో లేదో చూచి, పిమ్మట నొక్కుడు కొలువవలెను. ఒక్క అంకెకంటె సిలిండర్ల మధ్య భేదమే ఇచట ముఖ్యము. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లలో నొక్కుడు తగ్గినచో వాని నడుమ హెడ్ గాస్కెట్టు కాలియుండవచ్చును. వాల్వుల టాపెట్ల సందు తప్పినను నొక్కుడు తగ్గును. ఆ సందు కొలతను ట్రాక్టరు తయారీదారు పుస్తకములో చూచియే సరిచేయవలెను. పిస్టను రింగులు అరిగినచో ఇంజను నూనె పోయు మూత తెరచినపుడు పొగ బలముగా చిమ్ముచుండును.

పొగ రంగు కూడ ఒక సాక్షి. తెల్లని పొగ తరచుగా మండని డీజిలును, నీలి పొగ మండుచున్న ఇంజను నూనెను తెలుపును. కొలబద్దపై ఇంజను నూనె మట్టము పెరిగి డీజిలు వాసన వచ్చినచో నూనెలో డీజిలు కలిసినది. నూనె పాలవలె తెల్లబడినచో నీరు కలిసినది. ఈ రెండు స్థితులలోను ఇంజనును నడుపరాదు.

పెట్రోలు జీపు ఇంకను వాడుకలోనున్న చోట క్రమమిదియే. అయితే నిప్పురవ్వ పరీక్ష అదనము. ప్లగ్గులు, పాయింట్లు, కాయిలు, తీగలు చూచిన పిదపనే నొక్కుడు సంగతి చూడవలెను. నొక్కుడు తగ్గిన సిలిండరులో ప్లగ్గు రంధ్రము ద్వారా చెంచెడు ఇంజను నూనె పోసి తిరిగి కొలిచినపుడు అది పెరిగినచో రింగులు, పెరగనిచో వాల్వులు గాని గాస్కెట్టు గాని అనుమానింపదగును. డీజిలు ఇంజనులో ఈ నూనె పరీక్ష చేయరాదు.

పంచాయతీ చేయవలసినది

పాత ట్రాక్టరుకు లాగ్ బుక్కు ఉంచవలెను. ఫిల్టరు, నూనె మార్చిన తేదీలు, నడచిన గంటలు, లోపము కనిపించిన సందర్భము అందు వ్రాయింపవలెను. “ఎత్తులో మాత్రమే ఆగినది,” “ఉదయమున తెల్లపొగ వచ్చినది” అను డ్రైవరు మాటలు మెకానిక్కుకు విలువైన ఆధారములు. మరమ్మతునకు సొమ్ము మంజూరు చేయుటకు పూర్వము సభ్యులు నాలుగు సంగతులు అడుగవలెను: లోపము ఏ సిలిండరుది? ఇంజెక్టరు మార్చి చూచితిరా? నొక్కుడు కొలిచితిరా? తీసిన పాతభాగములను చూపగలరా? ఈ ప్రశ్నలకు సమాధానము వచ్చి, రింగులు, పిస్టన్లు అరిగినవని తేలిన పిమ్మట ఇంజను దించుట న్యాయమే, దానిని వాయిదా వేయరాదు. ఆ పనిని వేసవికి ముందుగనే, ట్యాంకరుకు తీరిక ఉన్న దినములలో చేయించినచో గూడెములకు నీరు ఆగదు.