చేతి వణుకుకూ కొలత ఉంది

చెయ్యి వణుకుతోందని మందులు వాడేవారిని "పోయిన నెల కంటే తగ్గిందా?" అని అడిగి చూడండి. రోగి ఒకటి చెబుతారు, వెంట వచ్చిన ఇల్లాలు ఇంకొకటి చెబుతుంది. పైగా డాక్టరు గారి ఎదుట కూర్చున్న కంగారుకే వణుకు ఎక్కువవుతుంది.

పార్కిన్సన్స్ జబ్బులో వణుకుకు 0 నుండి 4 వరకు మార్కులు వేసే పద్ధతి ఉంది. చెయ్యి 3 సెంటీమీటర్ల నుండి 10 లోపు కదిలితే 3 మార్కులు. 9 సెంటీమీటర్ల వణుకు మందుతో 4కు దిగినా మార్కు మారదు! రోగికి మాత్రం అది అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళడమా, ఒలికిపోవడమా అన్నంత తేడా.

ఇక్కడే డిజిటల్ పరికరాలు ఉపయోగపడతాయి. మీ సెల్‌ఫోను అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది కదా. ఆ కదలికను పసిగట్టే చిన్న చిప్పు పేరు యాక్సిలరోమీటరు. దాన్ని చేతికి కడితే వణుకు సెకనుకు ఎన్నిసార్లు, ఎంత బలంగా వస్తోందో అంకెల్లో చూపుతుంది. చెయ్యి ఒడిలో ఊరకే ఉన్నప్పుడు వచ్చే పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా సెకనుకు 4 నుండి 6 సార్లు ఉంటుంది. గ్లాసు ఎత్తినప్పుడు వచ్చే ఎసెన్షియల్ ట్రెమర్ 4 నుండి 12 సార్లు. రెండూ కొంత కలిసిపోతాయి గనుక అంకెను బట్టి జబ్బు పేరు మీరే పెట్టుకోకండి. ఆరోగ్యవంతుల చెయ్యి కూడా కంటికి కనబడనంత సన్నగా 8 నుండి 12 సార్లు వణుకుతుంది. ఫోనులో గీత కదిలిందని భయపడనక్కరలేదు.

థైరాయిడ్ ఎక్కువైనా, ఆయాసానికి వాడే సాల్బుటమాల్ వల్ల, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ వల్ల కూడా చేతులు వణకవచ్చు. చుక్క ముట్టనివారిని సైతం "తాగుబోతు" అనేస్తారు ఇరుగుపొరుగువారు. ఆ సిగ్గుతోనే కొందరు ఏళ్ళ తరబడి ఆసుపత్రి గడప తొక్కరు. ఇది చాలా అన్యాయం.

పరికరం లేకపోతే కాగితం, పెన్ను చాలు. మోచెయ్యి బల్లకు ఆనించకుండా దోమల కాయిల్ ఆకారం గీయండి. వారానికొకసారి, అదే చేత్తో, అదే వేళకు గీసి తేదీ, మాత్ర వేసుకున్న సమయం పక్కన రాయండి. ఇదే బొమ్మను డిజిటల్ పలక మీద గీయించి గీతలోని వణుకును కొలిచే పద్ధతి కూడా ఉంది. ఫోనుతో కొలిచేవారు దాన్ని ప్రతిసారీ చేతి మీద ఒకే చోట కట్టుకోవాలి. చోటు మారితే అంకె మారిపోతుంది.

అంకె తగ్గింది కదా అని మాత్రలు మానేయకండి. ప్రొప్రనొలాల్ గానీ పార్కిన్సన్స్ మందులు గానీ హఠాత్తుగా ఆపితే ప్రమాదం. ఆస్తమా ఉన్నవారు ప్రొప్రనొలాల్ మొదలుపెట్టక ముందే ఆ సంగతి డాక్టరు గారికి చెప్పాలి. మీరు గీసిన కాగితాలన్నీ మందుల చీటీతో పాటు వెంట తీసుకురండి.